ఆ మాట రాసివ్వండి సార్

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఛైర్మన్లకు, సెక్రటరీ కరస్పాండెంట్లకు, ఇంటర్వ్యూల్లో వాళ్ల పక్కన కూర్చునే నాలాంటి హెచ్‌వోడీలకు (డిపార్ట్‌మెంట్ హెడ్లకు),

నమస్కారం.

మొన్న జూన్‌లో మా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు ఇంటర్వ్యూలు జరిగాయి. ప్యానెల్‌లో ఛైర్మన్ గారు, ప్రిన్సిపాల్ గారు, నేను. నాలుగో క్యాండిడేట్‌గా ఒక అమ్మాయి వచ్చింది. ఎంటెక్, నాలుగేళ్ల అనుభవం. డెమో క్లాసుకి ప్రోగ్రామింగ్‌లో పాయింటర్ల పాఠం చెప్పమన్నాం. బోర్డు మీద వరసగా గళ్లు గీసింది, ఒక్కో గడికి ఇంటి నంబరు వేసింది, ఇంటి అడ్రసు వేరు, ఆ ఇంట్లో ఉండే మనిషి వేరు అంటూ పది నిమిషాల్లో తేల్చేసింది. పద్నాలుగేళ్లుగా నేను చెబుతున్న పాఠం అది. అంత తేలిగ్గా నాకెప్పుడూ కుదరలేదు.

పాఠం అయ్యాక ఛైర్మన్ గారు అడిగారు. "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నావమ్మా?"

"యాభై వేలు సార్."

"ముప్పై ఎనిమిదికి చేరు. ఆరు నెలలు నీ పని చూసి పెంచుతాం."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "సరే సార్. ఆరు నెలల తర్వాత ఎంత పెంచుతారో ఆఫర్ లెటర్‌లో రాసిస్తారా?"

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఛైర్మన్ గారు నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. "ఇక్కడ మాటంటే మాటేనమ్మా, నేనే సాక్ష్యం" అన్నాను.

అబద్ధం చెప్పాను. 2012లో మొదటి కాలేజీలో చేరినప్పుడు నాకూ ఆరు నెలల మాటే ఇచ్చారు. ఆ ఆరు నెలలు గడవడానికి ఇరవై రెండు నెలలు పట్టింది.

ఆ అమ్మాయి నా ముఖంలోకి ఓసారి చూసి, సర్టిఫికెట్ల ఫోల్డర్ బ్యాగులో పెట్టుకుని, "థాంక్యూ మేడమ్" అని వెళ్లిపోయింది. తలుపు మూసుకోగానే ఛైర్మన్ గారు "మరీ కమర్షియల్‌గా ఉంది పిల్ల" అన్నారు. ప్రిన్సిపాల్ గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నా నవ్వే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం అందుకే.

ఇది రాసిందెవరా అని ఆరా తీయకండి. మీ కాలేజీలోనూ నాలాంటి హెచ్‌వోడీ ఒకావిడ ఉంటుంది. ఆవిడే అనుకోండి, పెద్ద తేడా ఉండదు.

ముందు ఆ కమర్షియల్ అన్న మాట సంగతి. మీలో చాలామంది కాలేజీ పెట్టకముందు వ్యాపారమో వ్యవసాయమో కాంట్రాక్టులో చేసినవారు. ఎకరం పొలం కొనాలంటే లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ తీయిస్తారు, నాలుగు దిక్కులా హద్దులు రాయిస్తారు, గట్టు మీద వేపచెట్టు ఎవరి వాటాకి వస్తుందో తేలాకే అడ్వాన్సు ఇస్తారు. క్యాంటీను లీజుకిచ్చినా స్టాంపు పేపరు ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, మనిషి జాగ్రత్తపరుడు అంటారు. అదే ఒక టీచరు తన మూడేళ్లో ఐదేళ్లో మీ చేతిలో పెడుతూ ఒక్క వాక్యం రాసివ్వమంటే కక్కుర్తి అయిపోతుంది. అడగందే అమ్మయినా పెట్టదని మన ఇళ్లలో చిన్నప్పుడే చెబుతారు. ఇంటర్వ్యూ గదిలో మాత్రం ఆ సామెత పనిచేయదు.

గురువు డబ్బు మాట ఎత్తకూడదని మీలో కొందరి నమ్మకం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో తీర్పు చెప్పింది. ఏళ్ల తరబడి నెలకు 30 వేలకు పనిచేస్తున్న వాళ్లకు రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కనీస స్కేలు ఇవ్వాలంది. సభల్లో గురుర్బ్రహ్మ శ్లోకం చదివితే సరిపోదు, ఆ గౌరవం వాళ్లను చూసుకునే తీరులో కనపడాలన్న అర్థం వచ్చే మాట కూడా ఆ తీర్పులో ఉంది. సెప్టెంబర్ 5న మీరు కప్పిన శాలువాలు మా ఇంట్లో ఏడు ఉన్నాయి. రెండు మా అత్తగారు చలికాలం వాడుకుంటున్నారు. ఆ తీర్పు ప్రభుత్వ కాలేజీలకే, మనకు వర్తించదని మీ లాయరు చెబుతారు. చెప్పనివ్వండి. శాలువాల మాట మాత్రం మనకు వర్తిస్తుంది.

నా మొదటి ఇంటర్వ్యూకు వెళ్లేముందు మా ఎంటెక్ గైడ్ ఒక సలహా ఇచ్చి పంపారు. నీ నోటితో అంకె చెప్పకు, "యాజ్ పర్ నార్మ్స్" అను అని. అలాగే అన్నాను. కరస్పాండెంట్ గారు హాయిగా నవ్వి, "ఆ నార్మ్స్ ఢిల్లీలో ఉంటాయమ్మా, ఇక్కడికి బస్సు లేదు" అన్నారు. ఇరవై రెండు వేలు, కన్సాలిడేటెడ్ అన్నారు. కన్సాలిడేటెడ్ అంటే ఏదో గట్టి జీతం అనుకున్నాను, నిజంగా. బేసిక్ లేదు, డీఏ లేదు, ఇంక్రిమెంట్ వాళ్ల దయ అని అర్థమయ్యేసరికి ఏడాది గడిచింది.

ఆ నార్మ్స్ ఇప్పుడు ఇలా ఉన్నాయి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2019 మార్చి 1న ఇచ్చిన నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్ 57,700. 2024 జనవరిలో కేంద్రం డీఏ 50 శాతానికి చేరింది. ఆ లెక్కన బేసిక్, డీఏ రెండూ కలిపితేనే 86,550, ఇంటి అద్దె అలవెన్సు వేరే. మన దగ్గర ముప్పై ఎనిమిది చెబుతాం. ఇవ్వలేని కాలేజీలు ఉన్నాయని నాకూ తెలుసు. మండల కేంద్రానికి అవతల, సీట్లు సగం కూడా నిండని కాలేజీకి ఆ అంకె కుదరదు. ఆ సంగతి సూటిగా చెబితే సరిపోతుంది. మా తాహతు ఇంత, మా దగ్గర బస్సు ఉచితం, క్వార్టర్ ఉంది, పీహెచ్‌డీకి వారంలో ఒకరోజు వదులుతాం, ఆలోచించుకో అనండి. సొంతూరు దగ్గరైతే తక్కువకైనా చేరేవాళ్లు ఎందరో ఉన్నారు. నేను అలా చేరినదాన్నే.

బాధ ఎక్కడంటే, ఢిల్లీలో ఉన్నాయన్న ఆ నార్మ్స్‌కి మీకు అవసరమైనప్పుడు బస్సు దొరుకుతుంది. తెలంగాణలో ఫీజుల నియంత్రణ కమిటీ టీఏఎఫ్‌ఆర్‌సీ అయినా, ఆంధ్రలో ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ అయినా ఫీజు తేల్చేది కాలేజీ చూపించే ఖర్చును బట్టి. ఖర్చులో పెద్ద పద్దు జీతాలు. కాబట్టి కొన్ని చోట్ల బ్యాంకు ఖాతాలో స్కేలు ప్రకారం జీతం పడుతుంది. నాలుగు రోజులయ్యాక అకౌంట్స్ నుంచి ఫోన్ వస్తుంది, అందులో కొంత నగదుగా వెనక్కి ఇమ్మని. నాతో పనిచేసి వేరే కాలేజీకి వెళ్లిన ఒకాయన నెలనెలా పద్దెనిమిది వేలు ఏటీఎంలో తీసి, కవర్లో పెట్టి, పైన తన ఎంప్లాయీ నంబరు రాసి ఇచ్చేవాడు. ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం మొత్తం జీతం మీద కట్టేవాడు. చేతికి రాని జీతానికి పన్ను కట్టిన మనిషిని చూడాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మన స్టాఫ్ రూముల్లోనే ఉన్నారు. చేరేటప్పుడు ఆయనకు చెప్పింది మూడు మాటలే: "అకౌంట్స్‌లో అడగండి, చెబుతారు."

పీఎఫ్ విషయంలోనూ ఇదే గోల. నలభై వేలు అంటారు. మొదటి నెల చూస్తే 36,200 పడుతుంది. ఉద్యోగి వాటా 1,800 పోయింది, వృత్తిపన్ను 200 పోయింది, సరే. ఇంకో 1,800 ఏమిటని అడిగితే "అది మేనేజ్‌మెంట్ వాటా" అంటారు. మేనేజ్‌మెంట్ వాటా మా జీతంలోంచి ఎందుకు పోతుందో ఆ క్లర్కుకీ తెలియదు. యజమాని తన వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ స్కీములోనే రాసి ఉంది. కలిపి లెక్కేసుకునే ఉద్దేశం మీకుంటే ఇంటర్వ్యూ రోజే చేతికొచ్చే అంకె చెప్పొచ్చు కదా. అప్పుడు నలభై అని మురిసిపోయి ఇంట్లో చెప్పుకుని, నెల తిరిగాక ఇంట్లోవాళ్ల ముందు మేం అబద్ధాలకోరులం అవ్వం.

ఆడవాళ్ల ఇంటర్వ్యూల్లో ఇంకో ప్రశ్న ఉంటుంది. "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" పలకరింపులా అడుగుతారు. జవాబును బట్టి అంకె మారుతుంది. మా ఆయనది సాఫ్ట్‌వేర్ అని చెప్పగానే రెండో కాలేజీలో నా జీతం నా కళ్ల ముందే మూడు వేలు తగ్గింది. "మీకేం ఇబ్బంది లేదుగా మరి, ఖాళీగా ఉండకుండా చేసుకుంటున్నారు" అన్నారు. అదే రోజు నా తర్వాత లోపలికి వెళ్లిన ఒక సార్‌కి, ఆయనకు నాకంటే రెండేళ్ల అనుభవం తక్కువ, "ఫ్యామిలీ ఉంది పాపం" అని నాలుగు వేలు ఎక్కువిచ్చారు. నాకూ అదే ఫ్యామిలీ కదా సార్! ఆయన మంచివాడు, తర్వాత ఆయనే నాకీ సంగతి చెప్పాడు. పెళ్లికాని అమ్మాయిలనైతే పెళ్లెప్పుడని అడుగుతారు. పెళ్లైతే మెటర్నిటీ లీవు ఎప్పుడొచ్చి పడుతుందోనని లెక్క. 2017 సవరణతో అది 26 వారాలైంది. దానికి భయపడి ముందే జీతం తగ్గించడం, ఇంకా పెట్టని సెలవుకు ఇప్పుడే జీతం కోసేయడం లాంటిది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒరిజినల్స్. బయటివాళ్లు నమ్మరు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చేరిన రోజు కాలేజీ ఆఫీసు వ్యవహారాలు చూసే ఏవో గారు పదో తరగతి మార్కుల మెమో నుంచి ఎంటెక్ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) దాకా అన్నీ తీసుకుంటారు. వెరిఫికేషన్ కోసం అంటారు. వెరిఫికేషన్‌కి ఒక పూట చాలు. అవి వెళ్లేది మాత్రం ఇనుప బీరువాలోకి. నా మొదటి కాలేజీలో ఆ బీరువా ప్రిన్సిపాల్ గది వెనకాల ఉండేది. ఆకుపచ్చ రంగు, కుడి తలుపు సరిగా పట్టేది కాదు, మధ్యలో అట్టముక్క మడిచి దూర్చి మూసేవారు. లోపల బ్రాంచీల వారీగా ఫైళ్లు, ఒక్కో ఫైలు మీద స్కెచ్ పెన్నుతో పేరు. కింది అరలో ఫీజు బాకీ ఉన్న పిల్లల సర్టిఫికెట్లు, పై అరల్లో మావి. పిల్లల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తర్వాత కింది అర ఖాళీ అయిందో లేదో నాకు తెలియదు, అప్పటికి నేను బయటపడ్డాను.

2015లో పాస్‌పోర్టు పనికి పదో తరగతి మెమో కావాల్సి వచ్చింది. ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాసుకుని, హెచ్‌వోడీ సంతకం పెట్టించి, సంతకం చేసిన బ్లాంక్ చెక్కు ఒకటి ఏవో గారి చేతిలో పెడితే రెండు రోజులకు ఇచ్చారు. 541 మార్కుల మెమో అది. వచ్చిన రోజునే మా నాన్న సైకిలు మీద వెళ్లి లామినేషన్ చేయించుకొచ్చారు. దాన్ని నేను పక్కింటివాళ్ల నగ అడిగి పెట్టుకున్నట్టు రెండు రోజులు జాగ్రత్తగా వాడుకుని తిరిగి ఇచ్చేశాను. నాన్నకు ఈ సంగతి చెప్పలేదు.

2016లో వేరే కాలేజీ నుంచి పిలుపొచ్చింది. నాకు వస్తున్నదానికి దాదాపు రెట్టింపు. యూనివర్సిటీ ర్యాటిఫికేషన్ (నియామకాలకు యూనివర్సిటీ ఆమోదం) ఉంది, వారంలో ఒరిజినల్స్‌తో వచ్చి చేరమన్నారు. మా కాలేజీలో అడిగితే సెమిస్టర్ మధ్యలో వదలం, మూడు నెలల నోటీసు ఇవ్వాలి, లేదా మూడు నెలల జీతం కట్టాలి అన్నారు. ఆ షరతు మీద నేనెక్కడా సంతకం పెట్టలేదు. నాకు అసలు అపాయింట్‌మెంట్ ఆర్డరే ఇవ్వలేదు. రాసి లేదు కాబట్టి వాళ్లు మూడు అనొచ్చు, ఆరు అనొచ్చు, రోజుకో మాట చెప్పొచ్చు. నేను రోజూ సాయంత్రం నాలుగున్నరకు ప్రిన్సిపాల్ గది బయట కుర్చీలో కూర్చునేదాన్ని. ఐదింటికి కాలేజీ బస్సు హారన్ కొట్టేది, లేచి వెళ్లిపోయేదాన్ని. తొమ్మిదో రోజు అటువైపు వాళ్లు ఫోన్ చేసి పోస్టు వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. తర్వాత ఏడాదిన్నర పాతచోటే, పాత జీతానికే పాఠాలు చెప్పాను.

బేరం ఎవరైనా ఎప్పుడు ఆడగలరు? రైతుబజారులో వంకాయ ధర నచ్చకపోతే పక్క బుట్ట దగ్గరికి నడిచి వెళ్లగలం, అందుకే అడగగలం. మేం నడవలేం. మా కాళ్లు మీ బీరువాలో ఉంటాయి. అందుకే ఏటా జూన్‌లో ఇంక్రిమెంట్ మాట్లాడటానికి వచ్చిన సీనియర్లు కూడా మీ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. అది మీ మీద గౌరవం అనుకుంటున్నారేమో, ఒకసారి బీరువా తాళం తీసి చూడండి.

మీ భయం నాకు తెలుసు. అక్టోబర్‌లో ఒక లెక్చరర్ చెప్పకుండా మానేస్తే అరవై మంది పిల్లల సబ్జెక్టు గాలిలో ఉంటుంది. హెచ్‌వోడీని కాబట్టి ఆ తలనొప్పి ముందు నాకే వస్తుంది. టైమ్‌టేబుల్ తిరగరాసి, మిగతావాళ్లను బతిమాలి, నేనే రెండు క్లాసులు ఎక్కువ తీసుకుని నెట్టుకొస్తాను. అలాంటివాళ్ల మీద నాకూ కోపమే. దానికి చట్టం మీకు దారి మూసేయలేదు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా వెళ్లిపోయిన ఆఫీసరు రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. కానీ ఆ షరతు నియామక నోటిఫికేషన్‌లోనే ఉంది. ఎంత కట్టాలో అంకె ఉంది, ఎన్నేళ్లో ఉంది, ఆ మనిషి చదివి సంతకం పెట్టాడు. మీకూ కావాలంటే అలాగే రాసుకోండి. సెమిస్టర్ అయ్యాకే వెళ్లాలి, మధ్యలో వెళ్తే ఒక నెల జీతం అనండి. చాలామంది సంతకం పెడతారు. మధ్యలో మీరు తీసేస్తే మాకు ఒక నెల జీతం అని కింది లైనులో రాయాల్సి వస్తుందనే కదా మీ వెనకడుగు!

కోర్టుకు పోవచ్చుగా అంటారు కొత్తగా చేరే పిల్లలు. మా గతి వాళ్లకు తెలియదు. టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ (కార్మికుడు) నిర్వచనంలోకి రారని 1988లోనే సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌కి ఉండిన లేబర్ కోర్టు దారి మాకు లేకుండా పోయింది. గ్రాట్యుటీ అయినా 2009 సవరణతో గానీ మాకు రాలేదు. 1997 నుంచి వర్తించేలా పెట్టిన ఆ సవరణ మీద ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెళితే 2022లో సుప్రీంకోర్టు టీచర్ల వైపే నిలిచింది. దాని ఫలితం ఏమిటంటే, కొన్ని చోట్ల ఐదో ఏడు నిండబోతుందనగా "ఒక నెల బ్రేక్ తీసుకుని ఫ్రెష్‌గా చేరండి" అంటారు. ఆ నెల కూడా బయోమెట్రిక్ వేయకుండా వచ్చి ల్యాబ్ రికార్డులు దిద్దిపెట్టాలి, అది వేరే సంగతి.

మా పిన్ని కొడుకు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాడు. ఆఫర్ వచ్చిన రోజు ఫోన్ చేసి, "అక్కా, జీతం వాళ్లు చెప్పింది బానే ఉంది. ఇంకేమైనా కావాలా, లిస్టు పంపు అంటున్నాడు డిపార్ట్‌మెంట్ హెడ్. అడిగితే తప్పుగా అనుకుంటారేమో?" అన్నాడు. నేను నా అనుభవం కొద్దీ "వద్దురా, ఉన్నది పోతుంది, సరే అనేసెయ్" అన్నాను. వాడు రెండు రోజులు ఊరుకున్నాడు. హెడ్డే మళ్లీ మెయిల్ పెట్టాడట, లిస్టు రాలేదేమని. ల్యాబ్ పెట్టుకోవడానికి స్టార్టప్ డబ్బు ఎంత, ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులకు ఎన్నేళ్లు స్టైపెండ్, మొదటి ఏడాది ఎన్ని కోర్సులు తగ్గిస్తారు, సామాను తరలించడానికి ఎంత, అన్నీ అడిగాడు. కొన్ని ఇచ్చారు, కొన్ని లేదన్నారు. ఇచ్చినవన్నీ ఆఫర్ లెటర్‌లో వరసగా రాసి ఉన్నాయి. జీతం తొమ్మిది నెలలకేనని, వేసవి జీతం గ్రాంటు తెచ్చుకుంటే దాంట్లోంచి తీసుకోవాలని కూడా స్పష్టంగా ఉంది. నేనిచ్చిన సలహా వినుంటే వాడి ల్యాబ్‌లో సగం ఉండేది కాదు.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. 2014లో అమెరికాలోనే ఒక చిన్న కాలేజీ, తాను ఆఫర్ ఇచ్చిన ఫిలాసఫీ అభ్యర్థి ఒకావిడ ఇంకాస్త జీతం, ప్రసూతికి ఒక సెమిస్టర్, కొత్త కోర్సుల మీద పరిమితి లాంటివి అడిగితే ఆఫరే వెనక్కి తీసేసుకుంది. పెద్ద గొడవైంది. అలా చేసినందుకే గొడవైంది చూశారా, అదీ తేడా. మన దగ్గర అది రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు జరిగే పని.

మన ఐఐటీల్లో జీతం స్కేలు కాబట్టి బేరానికి పెద్దగా చోటు లేదు. అయినా సీడ్ గ్రాంటు (పరిశోధన మొదలుపెట్టడానికిచ్చే డబ్బు), ల్యాబ్ చోటు, పాత అనుభవానికి అదనపు ఇంక్రిమెంట్ల మాట వస్తుంది. మా డిపార్ట్‌మెంట్‌కి మూడేళ్ల క్రితం ఎన్‌ఐటీలో పీహెచ్‌డీ చేసిన కుర్రాడొకడు వచ్చాడు. జీతం సంగతి అడగనే లేదు. ఒక గది, రెండు జీపీయూలున్న వర్క్‌స్టేషన్ అడిగాడు. "చేరండి, చూద్దాం" అన్నాం. చేరలేదు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ వాళ్లు వచ్చినప్పుడు రీసెర్చ్ పేపర్లేవని అడిగితే ఆ కుర్రాడే నాకు గుర్తొచ్చాడు.

ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల సంగతి కూడా రాయకపోతే ఏకపక్షంగా రాశానంటారు. బకాయిలు నిజం. ప్రభుత్వం నుంచి రావాల్సినది రాక మీరు బ్యాంకులో అప్పు చేసి జీతాలిచ్చిన నెలలూ నేను చూశాను. 2025 నవంబర్‌లో తెలంగాణలో కాలేజీలే బంద్ పెట్టాల్సి వచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం డబ్బు రాకపోతే తాళం వేయడం తప్ప దారి లేదన్నారు, న్యాయమే. మరి మాకు మూడు నెలల జీతం ఆగినప్పుడు ఐదుగురం కలిసి మీ గదికి వస్తే "గ్రూపులు కడుతున్నారు" అని మెమో ఇచ్చారు. చేర్చుకునేటప్పుడే "జీతం ఒక్కోసారి రెండు నెలలు లేటవుతుంది, కానీ ఎగ్గొట్టం" అని చెప్పి ఉంటే హోమ్ లోన్ ఈఎంఐ తేదీ మార్పించుకునేవాళ్లం. చెక్ బౌన్సులు తప్పేవి.

ఇంకొక్కటి. 2024-25 నుంచి ఏఐసీటీఈ సీట్లకు గరిష్ఠ పరిమితి ఎత్తేశాక సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సెక్షన్లు ఎఫ్, జీ దాకా వెళ్లాయి. సివిల్, మెకానికల్ వాళ్లకు గండం మొదలైంది. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఎంటెక్ చేసిన సార్‌ని చేర్చుకుని, ఆగస్టులో పిలిచి పైథాన్ ల్యాబ్ తీసుకోమంటారు. ఆయన రాత్రి యూట్యూబ్ చూసి పొద్దున పిల్లలకు చెబుతాడు. పిల్లలు ఆయన ముందే నవ్వుతారు. యాభై ఏళ్ల మనిషి. మే నెల వస్తే అదే సార్ కరపత్రాలు పట్టుకుని ఇంటర్ పిల్లల ఇళ్లకు అడ్మిషన్ల కోసం తిరుగుతాడు. "ఇన్ని సీట్లు తెస్తేనే మే జీతం" అన్న మాట ఇంటర్వ్యూలో ఎవరూ అనరు. ఏప్రిల్ ఆఖరున వాట్సాప్ గ్రూపులో వస్తుంది.

నేను కోరేది చిన్నది. నిన్న ఆదివారం కూర్చుని ఒక పేజీ టైప్ చేశాను. చేతికొచ్చే జీతం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కోతలు విడివిడిగా, పెంపు ఎప్పుడు ఎంత, ఏ సబ్జెక్టులు వారానికి ఎన్ని గంటలు, వేసవిలో పని ఏమిటి, రెండు వైపులా నోటీసు ఎన్ని రోజులు. ఒరిజినల్స్ చూసి అదే రోజు వెనక్కి ఇచ్చినట్టు కింద ఏవో సంతకానికి ఒక గీత. దాని పక్కనే క్యాండిడేట్ ఆలోచించుకోవడానికి మూడు రోజుల గడువు. అంతా కలిపి ముప్పై లైన్లు కూడా లేదు. వచ్చే సోమవారం మళ్లీ ఇంటర్వ్యూలున్నాయి. పది కాపీలు తీసి ఛైర్మన్ గారి టేబుల్ మీద పెడతాను. ఆయన చింపేస్తే ఇంకో పది తీస్తాను, జిరాక్స్ ఎలాగూ డిపార్ట్‌మెంట్ ఖర్చే.

టైప్ చేశాక ఆ అమ్మాయి అప్లికేషన్ వెతికి నంబరు తీశాను. ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమని ముందు ఆ పిల్లకు చెప్పాలనిపించింది. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో జవాబొచ్చింది.

"సారీ మేడమ్, క్లాసులు ప్రిపేర్ అవుతున్నా. వేరే కాలేజీలో చేరిపోయాను. నలభై రెండు ఇస్తామన్నారు. ఒరిజినల్స్ తీసుకున్నారు."

ఇట్లు,
ఒక హెచ్‌వోడీ